రాతి కమానుల కింద తలంబ్రాలు

పెళ్లి ఫొటోగ్రఫీ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి స్కాట్లండ్‌లోని గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చదివి, అక్కడే ఉద్యోగంలో స్థిరపడ్డాడు. కాబోయే కోడలిది విజయనగరం. ఆ అమ్మాయి కూడా అక్కడే చదివింది. శ్రావణమాసంలో పెళ్లి. తమకు పట్టాలిచ్చిన బ్యూట్ హాల్లోనే పెళ్లి జరగాలని పిల్లలిద్దరూ కోరుకున్నారు, మేమూ ఒప్పుకున్నాం. సుముహూర్తం అక్కడి గడియారం ప్రకారం పగలు 11 గంటల 20 నిమిషాలకు. అక్కడి ఫొటోగ్రాఫరు ఒకరు ఇదివరకు తీసిన పెళ్లి ఫొటోలను అబ్బాయి పంపించాడు. భవనం కన్నుల పండువగా ఉంది గానీ, ఆ గోపురాల ముందు మనుషులు బొమ్మల్లా కనిపిస్తున్నారు. మా అత్తగారికి ఎనభై ఆరేళ్లు, అంత దూరం ప్రయాణం చేయలేరు. మనవడి పెళ్లిని ఆవిడ ఫొటోల్లోనే చూడాలి. మన తంతు తెలియని ఫొటోగ్రాఫరుకు ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి?
(ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, మీ భయం అకారణమైనది కాదు. నేను ఈ వృత్తిలోకి వచ్చిన తొలి ఏళ్లలో విశాఖ పాతనగరంలోని ఒక పాత రాతి కట్టడంలో జరిగిన పెళ్లికి ఫొటోలు తీశాను. ఎత్తయిన కమాను, దాని వెనక నుంచి ఏటవాలుగా దిగుతున్న ఎండ, ఆ ఎండలో తేలుతున్న సాంబ్రాణి పొగ నన్ను కట్టిపడేశాయి. ఆ కమాను మొత్తాన్ని ఒకే ఫొటోలో పట్టుకోవాలని నేను హాలు చివరికి వెళ్లి నిలబడిన సమయంలోనే జీలకర్ర బెల్లం పెట్టించి తెరశెల్ల తొలగించారు. నాకు మిగిలింది కమాను కింద రెండు తెల్లని చుక్కలు. ఆల్బమ్ చూసిన పెళ్లికూతురి అమ్మమ్మ ఆ పేజీ మీద వేలు పెట్టి, "ఇందులో మా పిల్ల ఎక్కడుంది నాయనా?" అని అడిగారు. ఆ మాట నేను ఇప్పటికీ మరిచిపోలేదు. అందుకే మీ అత్తగారి పేరు చెప్పుకుని ఈ జవాబు కొంచెం వివరంగా రాస్తున్నాను.

మొదట ఆ హాలు ఎలా ఉంటుందో తెలుసుకోండి. గ్లాస్గో విశ్వవిద్యాలయపు ప్రధాన భవనంలో తూర్పు ప్రాంగణం, పడమటి ప్రాంగణం అని రెండు చతురస్రాలున్నాయి. ఆ రెండింటినీ విడదీస్తూ ఉత్తర దక్షిణాలుగా సాగే కట్టడంలో, కింద గుంపు గుంపు స్తంభాల మీద నిలిచిన కమానుల మండపం ఉంటుంది. దానికి పైన ఉన్నదే బ్యూట్ హాలు. అందువల్ల దాని పొడవాటి గోడల్లోని కిటికీలు ఒక వరస తూర్పుకు, ఇంకొక వరస పడమరకు చూస్తాయి. ఆగస్టులో బ్రిటన్ గడియారాలు ఒక గంట ముందుకు జరిపి ఉంటాయి, పైగా గ్లాస్గో ఆ దేశంలో పడమటి వైపు ఉంది. కాబట్టి అక్కడ సూర్యుడు నడిమింటికి వచ్చేది మధ్యాహ్నం ఒంటి గంట దాటి ఇరవై నిమిషాల ప్రాంతంలో. మీ సుముహూర్తం వేళకు ఎండ ఇంకా ఆగ్నేయ దిక్కు నుంచే, తూర్పు కిటికీల గుండానే లోపలికి వస్తుంది. వధూవరులను తూర్పుముఖంగా కూర్చోబెట్టే మన ఆచారాన్ని పురోహితులు ఎలాగూ పాటిస్తారు. ఆ ఒక్క ఆచారాన్ని సరిగ్గా పాటిస్తే కిటికీ వెలుగు నేరుగా పిల్లల ముఖాల మీద పడుతుంది, దానికి సాటి వచ్చే కృత్రిమ దీపం ఏ ఫొటోగ్రాఫరు సంచిలోనూ ఉండదు. మండపం అలంకరించేవారు పూలతో, తెరలతో తూర్పు వైపును మూసేయకుండా చూసుకోండి. ఈ మాట పూల పని వారికి ముందే చెప్పకపోతే, పెళ్లినాటి ఉదయం చెప్పడానికి ఎవరికీ తీరిక ఉండదు.

మబ్బు పట్టిన రోజైతే, అక్కడ చాలా రోజులు అలాగే ఉంటాయి, వెలుగు మెత్తగా, అంతటా సమంగా పరుచుకుంటుంది. దాని గురించి దిగులుపడవలసిన పని లేదు. ఎండ కాస్తేనే ఒక చిక్కు ఉంది. రంగుటద్దాల గుండా వచ్చే ఎండ తెల్లని మధుపర్కాల మీద ఎరుపు, నీలం మరకలై పడుతుంది. అది నేల మీద పడితే అందం, పెళ్లికూతురి చెంప మీద పడితే దెబ్బ తగిలినట్టు కనిపిస్తుంది. ముందు రోజు సరిగ్గా పదకొండుకు ఎవరైనా హాలుకు వెళ్లి, ఆ రంగులు ఎక్కడ పడుతున్నాయో చూసి, పీటలను రెండు మూడు అడుగులు అటో ఇటో జరపడం మేలు.

ఇక తంతు. అక్కడి చర్చి పెళ్లిళ్లలో ఫొటోగ్రాఫరు దూరంగా, ఒకే చోట నిలబడి, క్రతువుకు అడ్డు రాకుండా ఉండటం మర్యాద. ఆ అలవాటుతోనే ఆయన మన పెళ్లికీ వస్తాడు. దగ్గరికి రావడం మన దగ్గర అమర్యాద కాదని, చెప్పులు విడిచి పీటల పక్కకు రావచ్చని, పురోహితులు కూడా అభ్యంతరపెట్టరని మీరే స్వయంగా చెప్పాలి. తరువాత ఘట్టాల పట్టిక ఒకటి రాసి పంపండి. పేర్లు మాత్రం రాస్తే చాలదు, ఎవరు ఎటు వైపు ఉంటారు, ఆ పని ఎంతసేపు ఉంటుంది, ఏది మళ్లీ చేయించడానికి వీలు లేనిది అని కూడా రాయాలి. మేనమామ పెళ్లికూతురిని గంపలో తీసుకువచ్చే దారి ఏది, కన్యాదాన సమయంలో నీళ్లు ఎవరి చేతి మీదుగా జారతాయి, మంగళసూత్రం కట్టేటప్పుడు ఆడపడుచు ఎక్కడ నిలబడుతుంది అనేవి ఆయనకు తెలియవు. జీలకర్ర బెల్లం కొన్ని క్షణాల పని. తెరకు అటు ఒకరు, ఇటు ఒకరు కెమెరాతో ఉంటే తప్ప ఇద్దరి ముఖాలూ దొరకవు, కాబట్టి ఇద్దరు ఫొటోగ్రాఫర్లు తప్పనిసరి. ఆ గడియలో విశాఖలో మధ్యాహ్నం 3 గంటల 50 నిమిషాలవుతుందని మీ అత్తగారికి చెప్పి ఉంచండి. ఆవిడ ఇంటి దగ్గర నుంచి అక్షింతలు వేస్తున్న ఫొటో ఒకటి ఇక్కడి మీ బంధువుల చేత తీయించి, ఆల్బమ్‌లో సుముహూర్తం పేజీకి ఎదురుగా పెట్టించండి.

ఈ పెళ్లికి మాత్రమే దక్కిన ఒక విశేషం ఉంది, దాన్ని వదులుకోవద్దని నా మనవి. వరుడికి చేసే స్నాతకం చదువు ముగించుకుని గురుకులం నుంచి తిరిగి వచ్చినవాడికి చేసే సంస్కారం. విశ్వవిద్యాలయం పట్టాలిచ్చే సభను మనం స్నాతకోత్సవం అంటున్నది ఆ మాటను బట్టే. మీ అబ్బాయి పట్టా అందుకున్న హాల్లోనే అతనికి స్నాతకం జరుగుతుంది. మామూలు ఆల్బముల్లో స్నాతకానికి ఒక మూల చిన్న ఫొటో మిగులుతుంది. మీరు దానికి పూర్తి పేజీ ఇవ్వండి, ఆ ఒక్కచోట భవనాన్ని కప్పు దాకా నిండుగా చూపించమనండి. ఆ వెంటనే వచ్చే కాశీయాత్రకు, గొడుగుతో, చేతికర్రతో బయలుదేరిన వరుడిని బావమరిది బతిమాలి వెనక్కి తెచ్చే ఆ నడకకు, కింది కమానుల మండపం కంటే తగిన దారి ఉండదు. పైన కప్పు ఉంది కాబట్టి వాన వచ్చినా ఆగనక్కర్లేదు. స్తంభాల మధ్య నడిచి వస్తున్న బంధుజనం ఉంటే ఆ రాయికి కూడా ప్రాణం వస్తుంది.

మిగిలిన ఘట్టాల్లో ముఖాలు, చేతులు, పీటల చుట్టూ కూర్చున్న పెద్దలు ముఖ్యం. కమానులు వెనక కొద్దిగా మసకగా ఉంటే చాలు, చోటు ఏదో తెలుస్తుంది. చట్టపరమైన పత్రం మీద వధూవరులు, పురోహితులు, ఇద్దరు సాక్షులు సంతకాలు పెట్టే ఘట్టం కూడా స్కాట్లండ్‌లో పెళ్లిలో భాగమే. ఆ సాక్షుల్లో ఒకరుగా ఇంటి పెద్దను కూర్చోబెడితే అదీ మంచి ఫొటో అవుతుంది. జంట ఫొటోలకు భోజనాలయ్యాక అరగంట కేటాయించండి, అంతకు మించి అతిథులను వదిలి తిరగవద్దు.

ప్రశ్న: నేను గాజువాకలో పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తుంటాను. విదేశంలో ఒక పాత విశ్వవిద్యాలయ భవనంలో జరిగే పెళ్లికి నన్ను పిలిచారు. మన కల్యాణ మండపాల వెలుగు తప్ప నాకు వేరే అనుభవం లేదు. ఎలా సిద్ధపడాలి?
(గాజువాక నుంచి ఒక యువ పాఠకుడు)

జవాబు: తమ్ముడూ, కెమెరా కంటే ముందు వీసా సంగతి తేల్చుకోండి. బ్రిటన్ విషయమే తీసుకుంటే, సాధారణ సందర్శక వీసా మీద వెళ్లినవారు నిబంధనల్లో ప్రత్యేకంగా అనుమతించిన సందర్భాల్లో తప్ప అక్కడ పని చేయకూడదు. పిలిచినవారు మన బంధువులే అయినా డబ్బు తీసుకుని ఫొటోలు తీస్తే అది పని కిందకే వస్తుంది. దరఖాస్తు చేసేముందే మీరు చేయబోయే పనిని ఉన్నదున్నట్టు చెప్పి, వలస చట్టం తెలిసిన న్యాయవాది సలహా తీసుకోండి.

వెలుగు విషయంలో మీరు మరిచిపోవలసిన అలవాటు ఒకటి ఉంది. మన మండపాల్లో తెల్లని కప్పుకు ఫ్లాష్ కొడితే వెలుగు మెత్తగా తిరిగి వస్తుంది. గోథిక్ హాళ్లలో, అంటే మొన తేలిన కమానులతో కట్టిన మధ్యయుగపు శైలి హాళ్లలో, కప్పు చాలా ఎత్తున ఉంటుంది, తరచు ముదురు రంగు కలపతో ఉంటుంది. అక్కడికి కొట్టిన ఫ్లాష్ తిరిగి రాదు, బ్యాటరీ మాత్రం ఖర్చవుతుంది. కిటికీ వెలుగును నమ్ముకోవడం నేర్చుకోండి. 85 ఎం.ఎం. లెన్సు ద్వారాన్ని ఎఫ్ 2 దాకా బాగా తెరిచి ఉంచి, షట్టరు వేగం సెకనులో 200వ వంతుకు తగ్గకుండా, ఐఎస్ఓను, అంటే వెలుగును పట్టే కెమెరా సున్నితత్వాన్ని, 3200 దాకా, అవసరమైతే 6400 దాకా పెంచుకోవచ్చు. ఇప్పటి కెమెరాల్లో ఆ మాత్రం గరుకుదనం అచ్చులో కనపడదు, కదిలిపోయిన చేయి మాత్రం కనపడుతుంది. తలంబ్రాల దగ్గర మాత్రం షట్టరు 500వ వంతు కావాలి. అప్పుడే గింజలు గాలిలో గింజల్లా నిలుస్తాయి.

రంగుల్లో జాగ్రత్త అవసరం. వెలుగు రంగును కెల్విన్లలో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ ఎరుపు పెరుగుతుంది. కిటికీ వెలుగు 5500 కెల్విన్ల దగ్గర నీలి ఛాయలో ఉంటే, పాతకాలపు పసుపుపచ్చ బల్బుల వెలుగు 3000 దగ్గర, హోమం మంట 2000 దగ్గర ఉంటాయి. మూడూ ఒకే ముఖం మీద పడితే ఆ తరువాత కంప్యూటరు ముందు కూర్చుని ఎంత శ్రమించినా చర్మం సహజంగా రాదు. నిర్వాహకులను అడిగి పీటల దగ్గరి దీపాలను ఆపించడమో, మీ ఫ్లాషుకు నారింజ రంగు కాగితం తగిలించి గది దీపాలతో కలపడమో చేయండి. చీకటి హాల్లో తెల్లని మధుపర్కాలు కెమెరాను మోసం చేస్తాయి. వెనక ఉన్న నలుపును చూసి అది వెలుగు పెంచేస్తుంది, నేతలోని పోగులు మాయమై బట్ట సున్నం కొట్టిన గోడలా మిగులుతుంది. వెలుగును ఒక మెట్టు తగ్గించి, రా ఫైలులో (కెమెరా ఏ మార్పూ చేయని ముడి ఫైలులో) తీసి, ముఖాలను తరువాత కొద్దిగా లేపుకోవడం నయం.

గోథిక్ కట్టడమంతా నిలువు గీతలే. మొన తేలిన కమానులు, సన్నని స్తంభాలు కంటిని పైకి లాగుతాయి, మనమూ కెమెరాను పైకి ఎత్తుతాం, వెంటనే గోడలు లోపలికి ఒరిగిపోతాయి. కెమెరాను నేలకు సమాంతరంగా పట్టుకుని, వెనక్కి జరిగి, కింద మిగిలిన ఖాళీని తరువాత కత్తిరించుకోండి. వైడ్ లెన్సు అంచుల్లో మనుషులను నిలబెట్టవద్దు, అక్కడ ముఖాలు సాగిపోతాయి.

విమానంలో విడి బ్యాటరీలు చేతిసంచిలోనే ఉండాలి. చల్లని దేశంలో అవి త్వరగా అయిపోతాయి కాబట్టి రెట్టింపు పట్టుకెళ్లండి. చలిలో నుంచి వెచ్చని హాల్లోకి వచ్చినప్పుడు లెన్సు మీద చెమ్మ కమ్ముతుంది, కెమెరాను సంచిలోనే పావుగంట ఉంచి బయటికి తీయండి. ఇక్కడ సాధన చేయడానికి చోటు లేదని అనుకోవద్దు. రాతి మీద వెలుగు ఎలా ప్రవర్తిస్తుందో చూడాలంటే ఒక ఉదయం సింహాచలం వెళ్లి, కెమెరా ఇంట్లో వదిలేసి, 96 స్తంభాల కల్యాణ మండపంలో గంటసేపు ఊరికే కూర్చోండి. స్తంభాల మధ్య నడిచేవారి ముఖాలు ఎక్కడ వెలుగుతున్నాయో, ఎక్కడ ఆరిపోతున్నాయో చూస్తే మీకు సగం పాఠం వచ్చేసినట్టే. మిగిలిన సగానికి, మీకు తెలిసిన మండపంలో పెళ్లి లేని రోజున దీపాలన్నీ ఆర్పించి, కిటికీ దగ్గర మీ ఇంటివాళ్లను కూర్చోబెట్టి తీయండి.

ప్రశ్న: పాత భవనాల్లో హోమానికి ఒప్పుకోరని విన్నాం. పసుపు, కుంకుమ, తలంబ్రాలకు కూడా అభ్యంతరాలుంటాయా? అవి లేని పెళ్లికి ఫొటోలెందుకు?
(పెదవాల్తేరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: అభ్యంతరం ఉంటే దానికి కారణం ఉంటుంది, ఆ కారణాన్ని గౌరవిస్తే సాధారణంగా దారి దొరుకుతుంది. గ్లాస్గో వంటి చోట్ల ఈ భవనాలు ఇసుకరాతితో కట్టినవి. ఇసుకరాయికి సన్నని రంధ్రాలుంటాయి, నూనె కలిసిన పసుపు అందులోకి దిగితే కడిగినా పోదు. నూటయాభై ఏళ్ల రాయి మీద మన పెళ్లి మరక మిగలకూడదని మనకూ ఉండాలి. పసుపు, కుంకుమ, నూనె ఉన్న ప్రతి పళ్లెం కిందా ఇంకొక పెద్ద పళ్లెం పెట్టండి. పీటల కింద, వాటి చుట్టూ పది అడుగుల మేర మందపాటి తెల్లని నూలు దుప్పటి పరిపించండి. తలంబ్రాల గింజలు దాని మీదే పడతాయి, ఎవరూ జారిపడరు, చివరికి నాలుగు చెంగులు పట్టి ఎత్తేయవచ్చు. ఫొటోగ్రాఫరుగా నాకు ఇందులో ఇంకొక లాభం కనిపిస్తుంది. తెల్లని దుప్పటి మీద పడిన కిటికీ వెలుగు కింద నుంచి పైకి తిరిగి, తల వంచుకుని కూర్చున్న పెళ్లికూతురి ముఖాన్ని వెలిగిస్తుంది.

హోమం సంగతి వేరు. పొగను పసిగట్టే యంత్రాలు హాలంతా ఉంటాయి. అవి మోగితే వందలమంది పీటల మీద నుంచి లేచి బయటికి నడవవలసి వస్తుంది. వాటిని తాత్కాలికంగా ఆపే అధికారం భవనం నిర్వాహకులకే ఉంటుంది, అప్పుడు అగ్నిప్రమాద నివారణకు ఒక మనిషిని దగ్గర పెట్టమని అడగవచ్చు. చిన్న రాగి హోమగుండం, ఎండిన సమిధలు, కొలిచి పోసే నెయ్యి, కింద ఇటుకలు, ఇసుక పళ్లెం అన్నీ రాసి, పురోహితులతో కూడా మాట్లాడించి, అనుమతి కాగితం మీద తీసుకోండి. ఫోనులో చెప్పిన 'సరే' ఆ రోజు డ్యూటీలో ఉన్న మనిషికి తెలియకపోవచ్చు. లోపల వీలు కాదంటే హోమాన్ని, సప్తపదిని ప్రాంగణంలో పందిరి కింద జరిపించడానికి అడగండి. నా అభిప్రాయంలో అది రెండో రకం ఏర్పాటేమీ కాదు. రాతిగోడల మధ్య ఆరుబయట మంట వెలుగు ముఖాల మీద ఆడే ఫొటో హాలు లోపల రాదు. విద్యుత్ మంటను హోమంగా పెట్టుకోమని సలహా ఇచ్చేవారి మాట మాత్రం వినవద్దు.

ప్రశ్న: నా పెళ్లి గోథిక్ భవనంలో జరగబోతోంది. ఏ రంగు చీరలు బాగుంటాయి? వాన పడితే? నా రంగు చామనఛాయ. చీకటి హాల్లో ముఖం నల్లగా పడుతుందేమోనని, ఫొటోల్లో రంగు పెంచమని అడగాలనుకుంటున్నాను.
(సీతమ్మధార నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: చివరి మాటకు ముందు జవాబు చెప్తాను తల్లీ. రంగు పెంచమని అడగవద్దు. ముఖం నల్లగా పడటం మీ చర్మం తప్పు కాదు, వెనక ఉన్న కిటికీ వెలుగును కొలిచి మీ ముఖాన్ని కొలవని ఫొటోగ్రాఫరు తప్పు. ముఖం మీద వెలుగును కొలిచి తీస్తే చామనఛాయకు రాతి నేపథ్యంలో వచ్చే నిగారింపు ఎంతో అందంగా ఉంటుంది. తెల్లబరచిన ముఖం పక్కన చేతుల గోరింటాకు, మెడలోని పసుపుతాడు కూడా రంగు మారిపోతాయి. ఇరవై ఏళ్ల తరువాత మీ పిల్లలు ఆల్బమ్ తెరిచి అమ్మను గుర్తుపట్టాలి. ఫొటోగ్రాఫరుతో ఒప్పందం రాసుకునేటప్పుడే ఈ షరతు కూడా రాయించండి.

ఇసుకరాయి ఎండలో గోధుమ ఛాయలో, వానలో తడిస్తే బూడిద రంగులో కనిపిస్తుంది. రెండింటి మీదా ముదురు ఎరుపు, అరిటాకు పచ్చ, నెమలికంఠం, పసుపు నిండుగా నిలుస్తాయి. లేత గోధుమ, లేత గులాబి రాయిలో కలిసిపోతాయి. బరువైన జరీ మీద నేరుగా ఫ్లాష్ పడితే మెరుపు మచ్చలు వస్తాయి, అదే జరీ కిటికీ వెలుగులో పోగు పోగున కనిపిస్తుంది. పట్టు మీద వాన చుక్క మరకగా మిగులుతుంది కాబట్టి బయట తిరిగే అరగంటకు తేలికైన నూలు చీర మార్చుకోండి. ఒకే రంగు పెద్ద గొడుగులు నాలుగైదు సిద్ధం చేసుకోండి. తడిసిన రాతి మెట్ల మీద నడుము వంచి మీ కుచ్చిళ్లు పట్టుకునే చెల్లెలో, స్నేహితురాలో ఒకరు ఎప్పుడూ పక్కన ఉండాలి.

ప్రశ్న: నేను విశాఖ షిప్‌యార్డులో పనిచేసి రిటైరయ్యాను. గ్లాస్గో ఓడల తయారీకి పేరున్న ఊరని తెలుసు. మధ్యయుగపు చర్చిలా కనిపించే ఆ విశ్వవిద్యాలయం నిజంగా అంత పాతదా? మన దేశంలో అలాంటి చోటు ఉందా?
(మల్కాపురం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: విశ్వవిద్యాలయం పాతదే, 1451లో పుట్టింది. భవనం మాత్రం అంత పాతది కాదు. ఊరి నడుమ హైస్ట్రీట్‌లో ఉన్న పాత కళాశాలను వదిలి, విశ్వవిద్యాలయం 1870లో గిల్మోర్‌హిల్ అనే గుట్ట మీదకు మారింది. కొత్త భవనాన్ని రూపొందించినవాడు సర్ జార్జ్ గిల్బర్ట్ స్కాట్. మధ్యయుగపు గోథిక్ శైలిని పందొమ్మిదో శతాబ్దంలో తిరిగి నిలబెట్టినవారిలో ఆయన ముఖ్యుడు. ఆయన 1878లో మరణించాక కుమారుడు జాన్ ఓల్డ్రిడ్ స్కాట్ హాళ్లను, గోపుర శిఖరాన్ని పూర్తి చేశాడు. బ్యూట్ హాలుకు ఆ పేరు దానికి విరాళమిచ్చిన బ్యూట్ ప్రభువు వల్ల వచ్చింది. దాని పక్కనే ఉన్న రాండాల్ఫ్ హాలుకు ఛార్లెస్ రాండాల్ఫ్ పేరు పెట్టారు, ఆయన గ్లాస్గోలో ఓడలు, ఓడ ఇంజన్లు తయారు చేసినవాడు. మీ వృత్తివాడి సొమ్ము ఆ రాతిలో ఉందన్నమాట. 1948లో జల ఉష ఓడను నీటిలోకి దింపిన యార్డులో పనిచేసిన మీకు ఇది సంతోషం కలిగిస్తుందని రాస్తున్నాను.

మన దేశంలో ఆ భవనానికి తోబుట్టువే ఉంది. అదే గిల్బర్ట్ స్కాట్ భారతదేశానికి ఎన్నడూ రాకుండానే ఇంగ్లండు నుంచి నక్షాలు పంపగా కట్టినవి ముంబయి విశ్వవిద్యాలయపు స్నాతకోత్సవ మందిరం, గ్రంథాలయం, రాజాబాయి గడియార గోపురం. మందిరం 1874లో, గోపురం 1878లో పూర్తయ్యాయి. గోపురానికి ధనమిచ్చిన ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ దానికి తన తల్లి పేరు పెట్టించాడు. ఆ కట్టడాలున్న ప్రాంతాన్ని 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మన ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది 1926లో, అంటే వాటికి అర్ధశతాబ్ది తరువాత. వాల్తేరు మెరక మీద మీరు ఆ కమానులను వెతకనక్కర్లేదు. ముంబయి వెళ్లినప్పుడు ఓవల్ మైదానం వైపు నుంచి సాయంత్రం పూట ఆ గోపురాన్ని చూడండి, అది పడమటి ఎండ నేరుగా దాని మీద పడే వేళ.

ప్రశ్న: విశ్వవిద్యాలయ గోపురాల మీదుగా డ్రోనుతో పెళ్లి ఊరేగింపు తీయించవచ్చా?
(అక్కయ్యపాలెం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: వద్దు. బ్రిటన్‌లో జనసమూహం మీదుగా డ్రోను ఎగరేయడం నిషేధం, ప్రాంగణానికి వేరే అనుమతి కావాలి, ఇంతా చేసి పై నుంచి కనిపించేది గొడుగులు, తలపాగాలు.

ప్రశ్న: పగటి ముహూర్తాల్లో అరుంధతిని చూపించడం కేవలం ఆనవాయితీ అయిపోయింది. నక్షత్రంతో సహా ఆ ఫొటో నిజంగా తీయడం సాధ్యమా? మా అమ్మాయి పెళ్లి కూడా ఆగస్టులో గ్లాస్గోలోనే.
(లాసన్స్ బే కాలనీ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకు మీకు కృతజ్ఞతలు, ఎందుకంటే ఈ ఫొటోకు విశాఖ కంటే గ్లాస్గో అనువైన చోటు. సప్తర్షి మండలంలో వసిష్ఠుడికి ఆనుకుని ఉండే అరుంధతి ఖగోళంలో ఉత్తరంగా 55 డిగ్రీల దగ్గర ఉంది, గ్లాస్గో అక్షాంశం దాదాపు 56 డిగ్రీలు. అందువల్ల అక్కడ అరుంధతి ఎన్నడూ అస్తమించదు, రోజుకొకసారి దాదాపు నడినెత్తి మీదుగా వెళ్తుంది. ఆగస్టు మూడో వారంలో రాత్రి పదింటికి విశాఖలో అది వాయవ్యాన అస్తమించబోతూ దిక్చక్రానికి పది డిగ్రీల ఎత్తున ఉంటుంది. అదే రోజుల్లో, అదే పదింటికి గ్లాస్గోలో వాయవ్యం వైపే, కానీ ఆకాశంలో సగం ఎత్తున, 48 డిగ్రీల దగ్గర ఉంటుంది.

అక్కడ ఆ రోజుల్లో సూర్యాస్తమయం రాత్రి ఎనిమిదిన్నర దాటాక. పదింటికి ఆకాశం ఇంకా ముదురు నీలంగా ఉంటుంది, ఫొటోకు అదే మంచిది. గోపురానికి ఆగ్నేయంగా, కెల్విన్‌గ్రోవ్ పార్కు వైపు నుంచి నిలబడితే గోపురం, దాని పైన సప్తర్షులు ఒకే చట్రంలోకి వస్తాయి. కెమెరాను స్టాండు మీద పెట్టి, 24 ఎం.ఎం. లెన్సుతో ఎఫ్ 2.8 దగ్గర, ఐఎస్ఓ 1600తో నాలుగు సెకన్లు తీస్తే నక్షత్రాలు సాగకుండా చుక్కలుగానే పడతాయి. ఫోకస్‌ను చేత్తో నక్షత్రం మీద సరిచేసి ఉంచాలి. వధూవరుల మీద మెత్తని ఫ్లాష్ ఒక్కసారి వెలిగితే చాలు, ఆ నాలుగు సెకన్లూ వాళ్లు కదలకుండా నిలబడాలి. మబ్బు అడ్డు వస్తే మరుసటి రాత్రి ప్రయత్నించండి, తారలు నాలుగు నిమిషాల ముందుగా అదే చోటికి వస్తాయి. వీలైతే పురోహితులను కూడా పిలవండి. పగలు కప్పు వైపు చూపించిన వేలిని ఆయన ఈసారి నిజంగా నక్షత్రం వైపు చూపిస్తారు, ఆ వేలి కొసను కూడా ఫొటోలో ఉండనివ్వండి.